క్లస్టర్‌లో నడిచే ఈమెయిల్ సర్వర్లకు బ్యాకప్ పాలసీ అమర్చడం ఎలా?

ఈమెయిల్ సర్వర్లను క్లస్టర్‌గా మార్చిన తరువాత చాలా సంస్థల్లో బ్యాకప్ మీద శ్రద్ధ తగ్గుతుంది. ఒక సర్వర్ ఆగిపోయినా మరొకటి వెంటనే పని అందుకుంటుంది కనుక డేటాకు ఇక ముప్పు లేదనే భావన అందుకు కారణం. సర్వరో డిస్కో చెడిపోయినప్పుడు క్లస్టర్ కాపాడే మాట నిజమే. అయితే నిర్వాహకుడు పొరపాటున వందల మెయిల్‌బాక్సులను తొలగించినా, దొంగిలించిన పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చినవారు ఉత్తరాలను చెరిపేసినా, ఆ మార్పు కూడా సక్రమమైన మార్పుగానే లెక్కకు వచ్చి క్షణాల్లో అన్ని కాపీలకూ చేరుతుంది. పాత స్థితికి తిరిగి వెళ్లాలంటే బ్యాకప్ ఒక్కటే దారి.

ఒంటరి సర్వర్ బ్యాకప్‌లో ఎదురుకాని ప్రశ్నలు క్లస్టర్‌లో ఎదురవుతాయి. ఒకే డేటాబేస్‌కు నాలుగు కాపీలు ఉన్నప్పుడు దేన్ని బ్యాకప్ తీయాలి, ఏ సర్వర్ మీద ఆ భారం వేయాలి, లాగ్ ఫైళ్లను, అంటే డేటాబేస్‌లో ప్రతి మార్పూ ముందుగా నమోదయ్యే ఫైళ్లను, తొలగించే అధికారం ఎవరికి ఉండాలి అన్నవి ఆ ప్రశ్నలు. వీటిలో మూడోదే అన్నిటికన్నా ముఖ్యమైనది. మిగిలిన అమరికలన్నీ దాని చుట్టూ తిరుగుతాయి కాబట్టి ఈ మార్గదర్శిలో దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఉదాహరణగా మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అయిన ఎక్స్ఛేంజ్‌లోని డేటాబేస్ అవైలబిలిటీ గ్రూప్‌ను, అంటే మెయిల్ డేటాబేస్‌ల కాపీలను పలు సర్వర్లలో ఉంచే, వాడుకలో డ్యాగ్ అని పిలిచే క్లస్టర్ అమరికను తీసుకుంటున్నాను. మీరు వాడే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను బట్టి మెనూల పేర్లు మారవచ్చు కానీ తీసుకోవలసిన నిర్ణయాలు మారవు.

మొదటి అడుగు: ఉన్నదున్నట్టుగా పటం రాసుకోండి

పాలసీ తెర తెరవడానికి ముందు క్లస్టర్ ప్రస్తుత స్థితిని ఒక పట్టికలో రాసుకోవాలి. ఒక డ్యాగ్‌లో గరిష్ఠంగా 16 సర్వర్లు ఉండవచ్చు. ప్రతి డేటాబేస్‌కు ఏ క్షణంలోనైనా వాడుకరులు పనిచేసే యాక్టివ్ కాపీ ఒక్కటే ఉంటుంది, దాన్ని అనుసరిస్తూ సిద్ధంగా ఉండే మిగిలినవి పాసివ్ కాపీలు. ప్రతి డేటాబేస్ ఎదురుగా దాని పరిమాణం, కాపీలు ఉన్న సర్వర్లు, ఫెయిలోవర్ జరిగితే, అంటే పని మరో సర్వర్‌కు మారితే, ఏ వరుసలో యాక్టివ్ కావాలో తెలిపే ప్రాధాన్య సంఖ్య, డేటాబేస్ ఫైలూ లాగ్ ఫైళ్లూ ఉన్న వాల్యూములు, సర్క్యులర్ లాగింగ్ (బ్యాకప్ కోసం ఆగకుండా లాగ్‌లను తొలగించే అమరిక) ఆన్‌లో ఉందా లేదా అన్న వివరాలు రాయండి. ఏదైనా కాపీని కావాలనే వెనకబెట్టి నడుపుతున్నట్లయితే, అంటే అది ల్యాగ్డ్ కాపీ అయితే, ఎన్ని రోజుల వెనకబాటో కూడా రాయండి. ఈ వెనకబాటును ఎక్స్ఛేంజ్ గరిష్ఠంగా 14 రోజుల వరకు అనుమతిస్తుంది.

డ్యాగ్‌కు నెట్‌వర్క్‌లో సొంత పేరు, సొంత ఐపీ చిరునామా ఉన్నాయో లేదో కూడా ఈ దశలోనే చూడాలి. ఎక్స్ఛేంజ్ 2013 సర్వీస్ ప్యాక్ 1 నుంచి, విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీద, క్లస్టర్‌కు నిర్వహణ చిరునామా లేకుండానే డ్యాగ్‌ను సృష్టించే వీలు వచ్చింది. ఎక్స్ఛేంజ్ 2016 నుంచి అదే సహజ అమరికగా మారింది. నిర్వహణకు ఇది సులువే కానీ, కొన్ని బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు డ్యాగ్ పేరుతోనే క్లస్టర్‌ను సంప్రదిస్తాయి, ఆ పేరు నెట్‌వర్క్‌లో దొరకకపోతే పాలసీ మొదటి అడుగులోనే విఫలమవుతుంది. మీ సాఫ్ట్‌వేర్ ఏ పద్ధతిని కోరుతుందో దాని పత్రాల్లో చూసుకున్న తరువాతే ముందుకు వెళ్లండి. నడుస్తున్న డ్యాగ్‌కు తరువాత చిరునామా కల్పించడం కన్నా ముందే నిర్ణయించుకోవడం తేలిక.

రెండో అడుగు: లాగ్ ఫైళ్లు ఎప్పుడు తొలగుతాయో అర్థం చేసుకోండి

ఎక్స్ఛేంజ్‌లో ప్రతి మార్పునూ మొదట లాగ్ ఫైలులో రాసి, ఆ తరువాత డేటాబేస్ ఫైలులోకి ఎక్కిస్తారు. ఒక్కో లాగ్ ఫైలు పరిమాణం 1 మెగాబైట్. సర్క్యులర్ లాగింగ్ లేనప్పుడు వీటిని సర్వర్ తనంతట తాను తొలగించదు. బ్యాకప్ విజయవంతంగా ముగిసిందని బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తెలియజేసిన తరువాతే అవసరం తీరిన లాగ్‌లను తొలగిస్తుంది. దీన్నే ట్రంకేషన్ అంటారు. బ్యాకప్ ఆగిపోతే ట్రంకేషన్ ఆగుతుంది, లాగ్ డిస్క్ నిండుతుంది, చివరికి డేటాబేస్ డిస్‌మౌంట్ అయి (వాడకం నుంచి విడిపోయి) అందులోని మెయిల్‌బాక్సులన్నీ ఒక్కసారిగా అందకుండా పోతాయి. బ్యాకప్ పాలసీలోని చిన్న లోపం వల్ల మెయిల్ సేవ మొత్తం నిలిచిపోయేది ఈ దారిలోనే.

క్లస్టర్‌లో ట్రంకేషన్‌కు మరికొన్ని షరతులు తోడవుతాయి. మామూలు కాపీల విషయంలో ఒక లాగ్ ఫైలు తొలగాలంటే అది బ్యాకప్ అయి ఉండాలి, డేటాబేస్ చెక్‌పాయింట్, అంటే ఎక్కడివరకు లాగ్‌లు డేటాబేస్ ఫైలులోకి ఎక్కాయో చూపే గుర్తు, దాన్ని దాటి ముందుకు వెళ్లి ఉండాలి, మిగిలిన మామూలు కాపీలు తొలగింపుకు అంగీకరించాలి, ల్యాగ్డ్ కాపీలన్నీ దాన్ని అందుకుని తనిఖీ చేసి ఉండాలి. ల్యాగ్డ్ కాపీ దగ్గర లాగ్‌లు ఇంకా ఎక్కువ కాలం నిలుస్తాయి, ఎందుకంటే నిర్దేశించిన వెనకబాటు గడువు పూర్తయి, యాక్టివ్ కాపీలో అదే లాగ్ తొలగిన తరువాతే అక్కడ తొలగింపు జరుగుతుంది. కనుక ల్యాగ్డ్ కాపీ ఉన్న సర్వర్‌లో లాగ్ వాల్యూమ్‌ను మిగిలిన సర్వర్లతో సమానంగా కేటాయించడం సరిపోదు.

ఈ షరతుల్లో రోజువారీ పనిలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కాపీల అంగీకారం. నిర్వహణ కోసం ఒక సర్వర్‌ను ఆపి ఉంచినా, ఒక కాపీ సస్పెండ్ అయినా, ఫెయిల్డ్ స్థితిలో ఉన్నా, ప్రతి రాత్రీ బ్యాకప్ విజయవంతమని నివేదిక వస్తూనే ఉంటుంది, లాగ్‌లు మాత్రం తొలగవు. నివేదిక పచ్చగా ఉంది కదా అని నిర్వాహకులు బ్యాకప్ వైపు చూడరు, డిస్క్ నిండుతున్నదని నిల్వ విభాగం చెప్పేవరకూ అసలు కారణం బయటపడదు. కాపీ ఆరోగ్యాన్ని బ్యాకప్ పర్యవేక్షణలో భాగంగా చూడాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఎంత లాగ్ పుడుతుందో ముందే లెక్క కట్టవచ్చు. సగటు ఉత్తరం 75 కిలోబైట్లు అనుకుంటే, రోజుకు 100 ఉత్తరాలు పంపి, అందుకునే మెయిల్‌బాక్స్ సుమారు 20 లాగ్ ఫైళ్లను పుట్టిస్తుందని మైక్రోసాఫ్ట్ తన సామర్థ్య ప్రణాళిక పత్రాల్లో పేర్కొంది. 5,000 మెయిల్‌బాక్సులు ఉంటే రోజుకు లక్ష లాగ్ ఫైళ్లు, అంటే దాదాపు 100 గిగాబైట్లు. వరుసగా మూడు రోజులు బ్యాకప్ విఫలమైనా డిస్క్ నిండకుండా ఉండేంత స్థలం లాగ్ వాల్యూముల్లో ఉంచండి. వారాంతంలో మొదలైన వైఫల్యాన్ని సోమవారం గుర్తించి సరిచేయడానికి ఆ వ్యవధి అవసరం.

సర్క్యులర్ లాగింగ్ గురించి కూడా ఇక్కడే నిర్ణయించాలి. అది ఆన్‌లో ఉంటే లాగ్‌లు బ్యాకప్ కోసం ఎదురుచూడకుండానే తొలగుతాయి, అందువల్ల గత బ్యాకప్ తరువాతి లాగ్‌లను మాత్రమే తీసే ఇంక్రిమెంటల్ బ్యాకప్ సాధ్యం కాదు. ఎక్కువ కాపీలు, ల్యాగ్డ్ కాపీ, తొలగించిన అంశాల దీర్ఘకాల నిల్వ మీద ఆధారపడి, సంప్రదాయ బ్యాకప్ లేకుండా నడిపే సంస్థలు సర్క్యులర్ లాగింగ్‌ను ఎంచుకుంటాయి. అది ఆలోచించి తీసుకున్న నిర్ణయమైతే అభ్యంతరం లేదు. కానీ డిస్క్ నిండిపోతున్నదని తాత్కాలికంగా ఆన్ చేసి మరచిపోవడం వేరు. అలా ఆన్ చేసిన క్షణం నుంచి, చివరి బ్యాకప్ దగ్గర మొదలు కావలసిన లాగ్ వరుస తెగిపోతుంది. దాన్ని తిరిగి ఆఫ్ చేసిన వెంటనే ఫుల్ బ్యాకప్ తీయకపోతే తరువాతి ఇంక్రిమెంటల్ బ్యాకప్‌లకు ఆధారం ఉండదు.

మూడో అడుగు: ఎంత నష్టాన్ని, ఎంత ఆలస్యాన్ని భరించగలరో తేల్చండి

దీన్ని సాంకేతిక బృందం ఒక్కటే నిర్ణయించకూడదు. ఎన్ని గంటల ఉత్తరాలు పోయినా సంస్థ తట్టుకోగలదు, ఎంత సేపట్లో సేవ తిరిగి రావాలి, పాత ఉత్తరాలను ఎంత కాలం తిరిగి తీయగలిగి ఉండాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబులు నిర్వహణ వర్గం నుంచి, న్యాయ విభాగం నుంచి లిఖితపూర్వకంగా తీసుకోండి.

తిరిగి నిలబెట్టే సమయాన్ని అంకెలతో చూపితే చర్చ తొందరగా తేలుతుంది. 2 టెరాబైట్ల డేటాబేస్‌ను సెకనుకు 200 మెగాబైట్ల వేగంతో తిరిగి రాసినా దాదాపు రెండు గంటల నలభై ఏడు నిమిషాలు పడుతుంది. ఆ పైన లాగ్‌లను ఎక్కించే సమయం అదనం. రెండు అంతకుమించి కాపీలు ఉన్నప్పుడే డేటాబేస్‌ను 2 టెరాబైట్ల వరకు పెంచవచ్చని, కాపీ లేని డేటాబేస్‌ను 200 గిగాబైట్లకు మించనివ్వవద్దని మైక్రోసాఫ్ట్ సూచించడం వెనక ఉన్నది ఈ రీస్టోర్ లెక్కే. అంత సమయం ఒప్పుకోలేమని జవాబు వస్తే, బ్యాకప్ వేగం పెంచే ముందు డేటాబేస్‌లను చిన్నవిగా విడగొట్టడం గురించి ఆలోచించండి.

ఒకరిద్దరి ఉత్తరాలు తిరిగి తేవడానికి ప్రతిసారీ బ్యాకప్ దాకా వెళ్లనవసరం లేదు. తొలగించిన అంశాలను ఎక్స్ఛేంజ్ సహజంగా 14 రోజులు, తొలగించిన మెయిల్‌బాక్సును 30 రోజులు దాచి ఉంచుతుంది. డిస్క్ అనుమతిస్తే మొదటి గడువును 30 రోజులకు పెంచి, వాడుకరి శాశ్వతంగా చెరిపేసిన అంశాలు కూడా గడువు తీరేవరకు నిలిచేలా సింగిల్ ఐటమ్ రికవరీని ఆన్ చేయండి. చిన్న అభ్యర్థనలు చాలావరకు అక్కడే తీరిపోతాయి.

నాలుగో అడుగు: ఏ కాపీ నుంచి బ్యాకప్ తీయాలో నిర్ణయించండి

బ్యాకప్ చదివే భారం యాక్టివ్ కాపీ మీద పడితే వాడుకరులకు మెయిల్ నెమ్మదిస్తుంది, కాబట్టి పాసివ్ కాపీనే మొదటి ఎంపికగా పెట్టండి. చాలా బ్యాకప్ సాఫ్ట్‌వేర్లలో మూడు రకాల ఎంపికలు కనిపిస్తాయి. పాసివ్ కాపీ మాత్రమే, యాక్టివ్ కాపీ మాత్రమే, పాసివ్ దొరక్కపోతే యాక్టివ్ అన్నవి అవి. నా సలహా మూడోది. పాసివ్ మాత్రమే అని కట్టుబడితే, రెండు కాపీలే ఉన్న డేటాబేస్‌లో ఒక సర్వర్ నిర్వహణలో ఉన్న రాత్రి బ్యాకప్ పూర్తిగా తప్పిపోతుంది, సరిగ్గా అటువంటి రాత్రే ఉన్న ఒక్క కాపీకీ బ్యాకప్ అవసరం ఎక్కువ.

ఆ తరువాత సర్వర్ల ప్రాధాన్య జాబితాను నింపండి. బ్యాకప్ నిల్వకు నెట్‌వర్క్ పరంగా దగ్గరగా ఉన్న సర్వర్లు ముందు ఉండాలి. రెండు డేటా సెంటర్ల మధ్య డ్యాగ్ విస్తరించి ఉంటే, బ్యాకప్ పొరపాటున దూరపు సెంటర్ నుంచి మొదలై మధ్యలోని లింకును గంటల తరబడి నింపకుండా ఈ జాబితా ఆపుతుంది. ల్యాగ్డ్ కాపీ ఉన్న సర్వర్‌ను మాత్రం, ఆ డేటాబేస్ వరకు, జాబితాలో చేర్చవద్దు. అందులోని డేటాబేస్ ఫైలు రోజుల వెనక ఉంటుంది కనుక దాన్ని తిరిగి నిలబెట్టేటప్పుడు కుప్పలుగా లాగ్‌లను ఎక్కించవలసి వస్తుంది.

విండోస్‌తో పాటు వచ్చే విండోస్ సర్వర్ బ్యాకప్ మీద ఆధారపడాలనుకునేవారికి ఒక పరిమితి చెప్పాలి. దానిలోని ఎక్స్ఛేంజ్ ప్లగిన్ యాక్టివ్ కాపీలున్న వాల్యూములనే బ్యాకప్ తీయగలదు, పాసివ్ కాపీలను తీయలేదు. డేటాబేస్ ఒక సర్వర్ నుంచి మరొకదానికి మారినప్పుడల్లా ఆ బ్యాకప్ గురి తప్పుతుంది. చిన్న అమరికలకు సరిపోవచ్చు కానీ ఫెయిలోవర్ సహజంగా జరిగే క్లస్టర్‌కు నేను దాన్ని సూచించను.

ఐదో అడుగు: పాలసీని సృష్టించండి

పాలసీ రకంగా సాధారణ ఫైల్ బ్యాకప్‌ను కాకుండా ఎక్స్ఛేంజ్ కోసం ఉద్దేశించిన రకాన్ని ఎంచుకోండి. ఫైల్ బ్యాకప్ తెరిచి ఉన్న డేటాబేస్ ఫైలును సరైన స్థితిలో పట్టుకోలేదు, లాగ్‌ల ట్రంకేషన్‌నూ చేయించలేదు. క్లయింట్ పేరు అడిగినచోట విడివిడి సర్వర్ల పేర్లు ఇవ్వకుండా డ్యాగ్ పేరు ఇవ్వండి, అప్పుడే డేటాబేస్ ఏ సర్వర్‌కు మారినా పాలసీ దాన్ని వెతుక్కుంటుంది. బ్యాకప్ సర్వర్‌కు డ్యాగ్ పేరూ ప్రతి సభ్య సర్వర్ పేరూ డీఎన్ఎస్‌లో రెండు దిశలా (పేరు నుంచి చిరునామాకు, చిరునామా నుంచి పేరుకు) సరిగా తెలియాలి. బ్యాకప్ ఏజెంటును సభ్య సర్వర్లన్నిటిలో ఒకే వెర్షన్‌లో ఇన్‌స్టాల్ చేసి, దాని సర్వీస్ ఖాతాకు అన్ని సర్వర్లలో ఒకే రకమైన హక్కులు ఇవ్వండి. ఒక సర్వర్‌లో హక్కు లోపిస్తే, ఆ సర్వర్ మీదకు పని వెళ్లిన రోజునే లోపం బయటపడుతుంది.

బ్యాకప్ ఎంపికలో డేటాబేస్ పేర్లను ఒక్కొక్కటిగా రాయకుండా డ్యాగ్ మొత్తాన్ని లేదా పేర్ల నమూనాను ఇవ్వడం మంచిది. రేపు కొత్త డేటాబేస్ సృష్టించినవారు బ్యాకప్ బృందానికి చెప్పడం మరచినా అది తనంతట తానే పాలసీలోకి వస్తుంది. పెద్ద క్లస్టర్లలో పేర్ల నమూనాతో డేటాబేస్‌లను రెండు మూడు పాలసీలుగా విడగొట్టవచ్చు, అయితే ఏ డేటాబేస్ కూడా రెండు పాలసీల్లో పడకుండా చూసుకోండి.

షెడ్యూలు రకాల విషయంలో జాగ్రత్త అవసరం. ఫుల్ బ్యాకప్ డేటాబేస్‌నూ లాగ్‌లనూ తీసుకుని లాగ్‌లను తొలగిస్తుంది. ఎక్స్ఛేంజ్ పరిభాషలో ఇంక్రిమెంటల్ అంటే గత బ్యాకప్ తరువాతి లాగ్‌లను తీసుకుని వాటిని తొలగించేది, డిఫరెన్షియల్ అంటే గత ఫుల్ తరువాతి లాగ్‌లన్నిటినీ తీసుకుని వాటిని తొలగించకుండా వదిలేది, కాపీ అంటే అన్నిటినీ తీసుకుని దేన్నీ తొలగించనిది. కొన్ని బ్యాకప్ ఉత్పత్తులు ఈ పేర్లను వేరే అర్థంలో వాడతాయి, ఉదాహరణకు నెట్‌బ్యాకప్‌లో డిఫరెన్షియల్ ఇంక్రిమెంటల్ అనేది లాగ్‌లను తొలగించేది, క్యుములేటివ్ ఇంక్రిమెంటల్ తొలగించనిది. పేరు చూసి ఎంచుకోకుండా, మీ ఉత్పత్తిలో ఆ రకం లాగ్‌లను తొలగిస్తుందా అన్న ఒక్క ప్రశ్నకు దాని పత్రాల్లో జవాబు వెతకండి.

ఒక డేటాబేస్ లాగ్‌లను తొలగించే అధికారం ఒకే పాలసీకి ఉండాలన్నది ఎప్పటికీ సడలించకూడని నియమం. వర్చువల్ మెషీన్ల బృందం ఒక సాధనంతో, మెయిల్ బృందం మరొక సాధనంతో అదే సర్వర్లను బ్యాకప్ తీస్తుంటే, మొదటిది తొలగించిన లాగ్‌లు రెండోదానికి దొరకవు. అప్పుడు ఏ ఒక్క సాధనం దగ్గరా పూర్తి వరుస ఉండదు, రీస్టోర్ చేయవలసి వచ్చిన రోజున ఫుల్ ఒక చోట, లాగ్‌లు మరో చోట కనిపిస్తాయి. రెండో బ్యాకప్ తప్పనిసరి అయితే దాన్ని కాపీ రకంగానే నడపాలి. అప్‌గ్రేడ్‌కు ముందు, పెద్ద మార్పుకు ముందు విడిగా తీసే బ్యాకప్‌కు కూడా ఇదే వర్తిస్తుంది.

షెడ్యూలు వరుసకు ఒక ఉదాహరణ ఇస్తాను. 12 డేటాబేస్‌లు ఉన్న డ్యాగ్‌లో అన్నిటికీ ఆదివారం రాత్రే ఫుల్ పెడితే ఆ ఒక్క రాత్రి నెట్‌వర్క్, నిల్వ, సర్వర్లు మూడూ ఒత్తిడికి లోనవుతాయి. రాత్రికి రెండేసి డేటాబేస్‌లకు ఫుల్, మిగిలిన పదింటికి ఇంక్రిమెంటల్ పెడితే ఆరు రాత్రుల్లో ఫుల్ బ్యాకప్‌ల వరుస పూర్తవుతుంది. ఏడో రాత్రి విఫలమైనవాటిని మళ్లీ నడపడానికి మిగులుతుంది. నష్టపోగల ఉత్తరాల హద్దు 24 గంటల కన్నా తక్కువగా తేలితే పగటిపూట ఇంక్రిమెంటల్‌లను కలపండి. అవి చిన్నవి కాబట్టి మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి నడిచినా వాడుకరులకు తెలియదు. డేటాబేస్‌లు చిన్నవై నిల్వలో పునరావృత భాగాలను తొలగించే సదుపాయం ఉంటే రోజూ ఫుల్ తీయడమే మేలు, రీస్టోర్ సమయంలో వరుసను కలుపుకునే శ్రమ తప్పుతుంది.

ఒకే సర్వర్ మీద ఏకకాలంలో ఎన్ని పనులు నడవాలో కూడా పరిమితం చేయండి. స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డిస్క్ ఉన్న స్థితిని పట్టుకునే ప్రతి) తీసే సమయంలో, డేటాబేస్‌ను అందుకు సిద్ధం చేసే ఎక్స్ఛేంజ్ రైటర్ అనే భాగం డేటాబేస్ రాతలను కాసేపు నిలుపుతుంది, 20 సెకన్లలో స్నాప్‌షాట్ పూర్తికాకపోతే దాన్ని రద్దు చేస్తుంది. డిస్కులు తీరిక లేకుండా ఉన్న వేళ ఒకేసారి చాలా వాల్యూములకు స్నాప్‌షాట్ అడిగితే ఈ గడువు దాటడం మామూలే. డేటాబేస్‌ల ఆన్‌లైన్ నిర్వహణ, యాంటీవైరస్ పూర్తి స్కాన్ వంటివి బ్యాకప్ వేళలో పడకుండా చూడండి.

నిల్వ గడువు పెట్టేటప్పుడు ఫుల్ బ్యాకప్ దాని మీద ఆధారపడిన ఇంక్రిమెంటల్‌ల కన్నా ముందు గడువు తీరకుండా చూడాలి. వారానికి ఒక ఫుల్ తీస్తూ నాలుగు వారాల్లో ఏ రోజుకైనా వెనక్కి వెళ్లగలగాలంటే ఫుల్‌ను కనీసం ఐదు వారాలు ఉంచాలి, ఎందుకంటే 28వ రోజు నాటి స్థితికి చేరడానికి అంతకు ముందరి ఫుల్ కావాలి. చట్టపరంగా ఏళ్ల తరబడి ఉంచవలసిన ఉత్తరాలకు బ్యాకప్‌ను సాధనంగా వాడవద్దు. వాటికి ప్రతి ఉత్తరం నకలును విడిగా దాచే జర్నలింగ్, ఆర్కైవ్ వంటి వేరే ఏర్పాట్లు ఉన్నాయి, వాటిలోనే వెతకడం సాధ్యమవుతుంది.

వర్చువల్ మెషీన్లుగా నడిచే నోడ్లకు

సభ్య సర్వర్లు వర్చువల్ మెషీన్లు అయితే, హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) స్నాప్‌షాట్ ఒక్కటే తీసి దాన్ని బ్యాకప్ అనుకోకూడదు. హైపర్‌వైజర్ స్నాప్‌షాట్‌లకు ఎక్స్ఛేంజ్ లోపలి స్థితి తెలియదు, వాటి వాడకాన్ని మైక్రోసాఫ్ట్ సమర్థించదు. ఒక నోడ్‌ను, అంటే ఒక సభ్య సర్వర్‌ను, మాత్రమే పాత స్నాప్‌షాట్‌కు తిప్పితే, మిగిలిన నోడ్లు ముందుకు వెళ్లిపోయి ఉంటాయి కనుక క్లస్టర్‌లో పొంతన చెదురుతుంది. వర్చువల్ మెషీన్ ఓఎస్ లోపలి వీఎస్ఎస్‌ను, అంటే విండోస్ స్నాప్‌షాట్ సేవను, పిలిచి, ఎక్స్ఛేంజ్‌కు తెలిసేలా తీసే పద్ధతినే ఎంచుకోండి.

స్నాప్‌షాట్‌ను విలీనం చేసే క్షణంలో మెషీన్ కొన్ని సెకన్లు స్తంభించడం మరొక సమస్య. క్లస్టర్ నోడ్లు సెకనుకోసారి ఒకదానికొకటి సంకేతం పంపుకుంటాయి. విండోస్ సర్వర్ 2012 ఆర్2 వరకు ఒకే సబ్‌నెట్‌లో ఐదు సంకేతాలు వరుసగా తప్పితే నోడ్ పోయినట్టే లెక్క. విండోస్ సర్వర్ 2016లో ఈ హద్దును పదికి పెంచారు. ప్రతి రాత్రీ బ్యాకప్ వేళకే ఫెయిలోవర్‌లు జరుగుతుంటే మొదట అనుమానించవలసింది దీన్నే. హద్దును కొంత పెంచవచ్చు, ఒకే హోస్ట్ మీద ఉన్న నోడ్లను ఒకే సమయంలో బ్యాకప్ తీయకుండా ఆపవచ్చు, లేదా ఓఎస్ లోపలి ఏజెంట్ బ్యాకప్‌కు మారవచ్చు. మూడోది శాశ్వత పరిష్కారం.

ఆరో అడుగు: డేటాబేస్‌లతో పాటు తీయవలసినవి

ఎక్స్ఛేంజ్ అమరికల్లో ఎక్కువ భాగం యాక్టివ్ డైరెక్టరీలో (విండోస్ నెట్‌వర్క్ ఖాతాలను, అమరికలను దాచే వ్యవస్థలో) ఉంటుంది, అందుకే పోయిన సర్వర్‌ను అదే పేరుతో, సెటప్‌లోని రికవర్ సర్వర్ పద్ధతిలో తిరిగి కట్టవచ్చు. అది పనిచేయాలంటే ఆ డైరెక్టరీని నడిపే డొమైన్ కంట్రోలర్ల సిస్టమ్ స్టేట్ (కీలక అమరికల) బ్యాకప్ క్రమం తప్పకుండా ఉండాలి. ప్రైవేట్ కీతో సహా సర్టిఫికెట్లు, చేతితో మార్చిన వెబ్ కాన్ఫిగ్ ఫైళ్లు, రిజిస్ట్రీలో చేసిన మార్పులు మాత్రం డైరెక్టరీలో ఉండవు, వాటిని విడిగా భద్రపరచండి. వాడుతున్న క్యుములేటివ్ అప్‌డేట్‌కు చెందిన ఇన్‌స్టలేషన్ ఫైళ్లను కూడా అదే చోట ఉంచండి. క్లస్టర్ ఓటింగ్‌లో తోడ్పడే విట్‌నెస్ ఫోల్డర్‌ను బ్యాకప్ తీయనవసరం లేదు, అవసరమైతే కొత్తది సృష్టించుకోవచ్చు.

బ్యాకప్ నిల్వ మెయిల్ సర్వర్లున్న డొమైన్‌లోనే, అదే నిర్వాహక ఖాతాలతో తెరుచుకునేలా ఉంటే రాన్సమ్‌వేర్ దాడిలో రెండూ కలిసి పోతాయి. కనీసం ఒక ప్రతి అయినా గడువు తీరేవరకు ఎవరూ మార్చలేని, చెరపలేని నిల్వలో, వేరే ప్రాంగణంలో, వేరే ఖాతాల కింద ఉండాలి. ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసినట్లయితే దాని కీని బ్యాకప్ సర్వర్ బయట దాచండి. కీ అందుబాటులో లేని బ్యాకప్ ఎందుకూ పనికిరాదు.

ఏడో అడుగు: నడిపి, నిరూపించండి

మొదటి ఫుల్ బ్యాకప్‌ను మీ కళ్ల ముందే నడపండి. ముందుగా ప్రతి సర్వర్‌లో వీఎస్ఎస్ రైటర్ల జాబితా తీసి, ఎక్స్ఛేంజ్ రైటర్ స్థిరంగా, లోపం లేకుండా ఉందో లేదో చూడండి. ఎక్స్ఛేంజ్ 2013 నుంచి ఈ రైటర్ రెప్లికేషన్ సర్వీస్‌లో ఉంటుంది, కనుక అది విఫల స్థితిలో ఉంటే ఇన్ఫర్మేషన్ స్టోర్‌ను కాకుండా రెప్లికేషన్ సర్వీస్‌ను పునఃప్రారంభించాలి. బ్యాకప్ ముగిశాక మేనేజ్‌మెంట్ షెల్‌లో డేటాబేస్‌ల స్థితిని అడిగి, చివరి ఫుల్ బ్యాకప్ సమయం మారిందో లేదో చూడండి. ఈవెంట్ లాగ్‌లో 224 సంఖ్య కనిపిస్తే లాగ్ ఫైళ్లు తొలగుతున్నాయి, 225 కనిపిస్తే తొలగించదగిన లాగ్‌లు లేవు. ఫుల్ బ్యాకప్ తరువాత వరుసగా 225 మాత్రమే వస్తుంటే రెండో అడుగులో చెప్పిన షరతులను ఒక్కొక్కటిగా పరిశీలించండి. లాగ్‌లు తొలగడానికి కొంత సమయం పడుతుంది కనుక ఫోల్డర్‌ను వెంటనే చూసి కంగారు పడవద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ లాగ్ ఫైళ్లను చేత్తో తొలగించవద్దు.

తరువాత యాక్టివ్ కాపీని కావాలనే మరో సర్వర్‌కు మార్చి ఇంక్రిమెంటల్ నడపండి. ప్రతి సర్వర్ ఒక్కసారైనా బ్యాకప్ భారాన్ని మోసేవరకు ఇలా తిప్పండి. హక్కుల లోపాలు, ఫైర్‌వాల్ అడ్డంకులు, ఏజెంట్ వెర్షన్ తేడాలు ఈ పరీక్షలోనే బయటపడతాయి. క్లస్టర్ పాలసీని ఒకే సర్వర్ మీద పరీక్షించి అసలు వాడకంలోకి పంపడం నాకు సమ్మతం కాదు.

రీస్టోర్ పరీక్షను నడుస్తున్న డేటాబేస్ మీద చేయకుండా రికవరీ డేటాబేస్‌లోకి చేయండి. ఇది వాడుకరులకు కనిపించని ప్రత్యేక డేటాబేస్. ఒక సర్వర్‌లో ఒక సమయంలో ఒక్కటే మౌంట్ అవుతుంది, దీనికి ఇతర సర్వర్లలో కాపీలు ఉండవు. ఫైళ్లు తిరిగి వచ్చాక ఎక్స్ఛేంజ్‌లోని ఈఎస్ఈయుటిల్ (Eseutil) సాధనంతో డేటాబేస్ హెడర్ చూడండి. డర్టీ షట్‌డౌన్ అని ఉంటే లాగ్‌లను ఎక్కించి క్లీన్ షట్‌డౌన్ స్థితికి తేవాలి. అదే సాధనంలో బలవంతంగా మరమ్మతు చేసే స్విచ్ కూడా ఉంది, కానీ అది చదవలేని పేజీలను వదిలేస్తుంది కనుక డేటా పోతుంది. లాగ్ వరుస సరిగా ఉన్న బ్యాకప్‌కు దాని అవసరం రాదు, అవసరం వచ్చిందంటే పాలసీలో లోపం ఉన్నట్టే. డేటాబేస్ మౌంట్ అయ్యాక పరీక్షా మెయిల్‌బాక్స్ ఒకదాన్ని మెయిల్‌బాక్స్ రీస్టోర్ రిక్వెస్ట్ ద్వారా వేరే మెయిల్‌బాక్స్‌లోని ఒక ఫోల్డర్‌లోకి తెచ్చి, ఉత్తరాలు, జోడింపులు, క్యాలెండర్ తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. మొదలు నుంచి చివరి వరకు పట్టిన సమయాన్ని మూడో అడుగులో ఒప్పుకున్న గడువు పక్కన రాయండి.

అసలు డేటాబేస్ మీదే రీస్టోర్ చేయక తప్పని రోజున క్రమం మారుతుంది. ముందు ఆ డేటాబేస్ పాసివ్ కాపీలన్నిటికీ రెప్లికేషన్‌ను సస్పెండ్ చేయాలి, డేటాబేస్‌ను డిస్‌మౌంట్ చేసి రీస్టోర్‌తో పైన రాయడానికి అనుమతి గుర్తు పెట్టాలి, యాక్టివ్ కాపీ ఉన్న సర్వర్ మీదకే రీస్టోర్ చేసి మౌంట్ చేయాలి. ఆ తరువాత పాసివ్ కాపీలను రీస్టోర్ అయిన కాపీ నుంచి రీసీడ్ చేసుకోవాలి, అంటే కొత్తగా నింపుకోవాలి. ఈ క్రమాన్ని మీ సర్వర్ల పేర్లతో సహా ఒక పత్రంగా రాసి, క్లస్టర్ ఆగిపోయినా తెరవగలిగే చోట ఉంచండి.

రోజువారీ గమనిక

నాలుగు హెచ్చరికలు అమర్చితే చాలు. ఏదైనా డేటాబేస్ చివరి బ్యాకప్ సమయం 26 గంటలు దాటినప్పుడు, లాగ్ వాల్యూమ్ సగం నిండినప్పుడు, ఏదైనా కాపీ ఆరోగ్యకరం కాని స్థితిలో గంటకు పైగా ఉన్నప్పుడు, బ్యాకప్ పాసివ్ కాపీ దొరక్క యాక్టివ్ మీదకు మళ్లినప్పుడు మెయిల్ బృందానికి తెలియాలి. ఈ హెచ్చరికలు అదే మెయిల్ వ్యవస్థ ద్వారా మాత్రమే వెళ్లేలా పెట్టకండి, సంక్షిప్త సందేశం వంటి వేరే దారి కూడా ఉండాలి.

పాలసీని తిరిగి తెరిచి చూడవలసిన సందర్భాలు కూడా ఉన్నాయి. సర్వర్‌ను చేర్చినప్పుడు లేదా తీసేసినప్పుడు ప్రాధాన్య జాబితాను, ల్యాగ్ గడువును మార్చినప్పుడు లాగ్ వాల్యూమ్ లెక్కను, డేటాబేస్ పేర్ల పద్ధతి మారినప్పుడు ఎంపిక నమూనాను, వెర్షన్ మారినప్పుడు ఏజెంట్ అనుకూలతను సరిచూడండి. ఎక్స్ఛేంజ్ 2016, 2019 వెర్షన్లకు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కు మారుతున్నవారు కొత్త సర్వర్లలో మొదటి మెయిల్‌బాక్స్ చేరకముందే ఏడో అడుగులోని పరీక్షలన్నీ మళ్లీ నడపాలి, పాత సర్వర్ల బ్యాకప్‌ల గడువు తీరేవరకు వాటిని తెరవగల ఇన్‌స్టలేషన్ ఫైళ్లను దాచి ఉంచాలి.